ఎర్ర మాత్ర వెనక యల్లాప్రగడ

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్, కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్, బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర.. పైకి వీటికి ఒకదానితో ఒకటి పొత్తు లేదు. కానీ ఈ నాలుగింటి కథలోనూ ఒక తెలుగువాడి పేరు వినిపిస్తుంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న అణువులు మన ఒంట్లో ఎంత పెద్ద పనులు చేస్తాయో తెలుసుకోవడానికి ఆయన జీవితాన్ని మించిన పాఠం లేదు.

కొడంగల్‌లోనైనా, తాండూరులోనైనా, వికారాబాద్‌లోనైనా సర్కారు దవాఖానకు వెళ్లిన గర్భిణి చేతిలో ఎర్ర మాత్రలు పెడతారు. చాలామంది వాటిని రక్తం మాత్రలంటారు. వాటిలో ఇనుము ఉంటుందని అందరికీ తెలుసు. ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుందని కొందరికి తెలుసు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి సారథి భీమవరంలో పుట్టినవాడని, ఆ మందు లేకపోవడం వల్లే ఆయన తన తోడబుట్టినవాళ్లను పోగొట్టుకున్నారని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంటినిండా పిల్లలు. తండ్రి ఆరోగ్యం బాగోక ఉద్యోగం ముందే మానుకోవాల్సి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇల్లు విడిచి కాశీకి బయల్దేరారు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆలోచన. తల్లి ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది.

బడిలో ఆయనేమీ మెరికలాంటి విద్యార్థి కాదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడోసారికి గట్టెక్కారు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. మనసు మాత్రం రామకృష్ణ మఠం మీద ఉండేది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. మఠంలోని పెద్దలు కూడా వైద్యం చదివితే జనానికి ఎక్కువ సేవ చేయొచ్చని నచ్చజెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చేసిన సాయంతో చదువు సాగింది.

ఖద్దరు కోటు.. చేజారిన డిగ్రీ

అవి గాంధీ పిలుపుతో విదేశీ వస్త్రాలను బహిష్కరిస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు తొడుక్కుని వెళ్లారు. తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే లెక్చరర్‌గా చేరారు. అక్కడే ఆయుర్వేద మందుల మీద ఆసక్తి పెరిగింది. అవి పనిచేస్తున్నాయి సరే, ఏ పదార్థం వల్ల పనిచేస్తున్నాయి? ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. తర్వాతి జీవితమంతా ఆయన చేసింది ఈ పనే. ఒక కషాయంలోనో, కాలేయం రసంలోనో, మట్టిలోనో దాగిన అసలు పదార్థాన్ని వెతికి పట్టుకోవడం.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఈ జబ్బులో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పుండైపోతుంది. రక్తం పలచబడుతుంది, మనిషి ఎముకల గూడవుతాడు. అప్పటి వైద్యుల దగ్గర దీనికి మందు లేదు. ఇంట్లో వైద్యం చదివిన మనిషి ఉండీ ఏమీ చేయలేకపోయాడు. ఉష్ణమండల వ్యాధుల మీద పైచదువు చదవాలన్న పట్టుదల ఆయనలో అలా గట్టిపడింది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. మామగారు మరికొంత డబ్బు సమకూర్చారు. 1920ల తొలినాళ్లలో భార్య శేషగిరిని పుట్టింట వదిలి సుబ్బారావు ఓడెక్కారు. కొన్నేళ్లలో తిరిగొచ్చేస్తానన్న మాట మీద వెళ్లారు. ఆ తిరుగు ప్రయాణం ఎప్పటికీ జరగలేదు.

ఇంతకీ అమైనో ఆమ్లం అంటే?

బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. ఇక్కడి ఎల్‌ఎంఎస్‌కు అక్కడ డాక్టరుగా విలువ లేదు. పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిన చేతులతోనే పగలు పరీక్షనాళికలు పట్టారు. డిప్లొమా అయ్యాక జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

అక్కడ ఆయన చేసిన పని అర్థం కావాలంటే అమైనో ఆమ్లం గురించి రెండు మాటలు తెలియాలి. మధ్యలో ఒక కార్బన్. దానికి ఒకవైపు నత్రజని ఉన్న అమైనో గుంపు, ఇంకోవైపు ఆమ్ల గుణమున్న కార్బాక్సిల్ గుంపు, మూడోవైపు ఒక హైడ్రోజన్. నాలుగోవైపు ఉండేదే తేడా. అక్కడ కూడా హైడ్రోజనే ఉంటే అది గ్లైసిన్, అన్నిటికంటే చిన్నది. వేరే గుంపు చేరితే వేరే అమైనో ఆమ్లం. ఒకదాని ఆమ్ల కొస ఇంకోదాని అమైనో కొసతో కలిసినప్పుడు ఒక నీటి అణువు బయటికి పోయి ముడి పడుతుంది. ఇలా పూసలు గుచ్చినట్టు గుచ్చుకుంటూ పోతే ప్రొటీన్ తయారవుతుంది. మన ప్రొటీన్లన్నీ దాదాపుగా ఇరవై రకాల పూసలతో గుచ్చినవే. ఇన్సులిన్‌లో 51 పూసలుంటాయి. కొన్ని ప్రొటీన్లలో వేలల్లో ఉంటాయి.

ఈ ఇరవైలో తొమ్మిదింటిని మన ఒళ్లు తయారుచేసుకోలేదు. హిస్టిడిన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్, లైసిన్, మెథియోనిన్, ఫినైల్ అలనిన్, త్రియోనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్ తిండి నుంచే రావాలి. మిగతావాటిని శరీరమే కూర్చుకుంటుంది.

వరసలో ఒక్క పూస మారినా ఎంత తేడా వస్తుందో సికిల్ సెల్ జబ్బు చెబుతుంది. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఆరో చోట గ్లూటామిక్ ఆమ్లం ఉండాల్సింది పోయి వాలిన్ వస్తే చాలు, ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. మన ఆదివాసీ గూడేల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బుకు మూలం ఆ ఒక్క మార్పే.

అమైనో ఆమ్లాల పని కండలు కట్టడంతో అయిపోదు. టైరోసిన్ నుంచి థైరాయిడ్ హార్మోను, అడ్రినలిన్, డోపమిన్ తయారవుతాయి. ట్రిప్టోఫాన్ నుంచి మెదడుకు కావాల్సిన సెరటోనిన్, కొంతవరకు నయాసిన్ విటమిన్ వస్తాయి. హిస్టిడిన్ నుంచి వచ్చే హిస్టమిన్ వల్లే దద్దుర్లు, తుమ్ములు. గ్లైసిన్ లేకుండా రక్తానికి ఎర్రరంగునిచ్చే హీమ్ తయారుకాదు. సుబ్బారావు చేతికి మొదట చిక్కిన పదార్థం కూడా ఇలా అమైనో ఆమ్లాల నుంచి పుట్టినదే.

నీలిరంగు ఆలస్యమైంది

రక్తంలో, మూత్రంలో, కండరాల్లో భాస్వరం ఎంత ఉందో తేలిగ్గా కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు కలిసి 1925లో ప్రకటించారు. రసాయనాలు కలిపితే ద్రావణం నీలంగా మారుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో జీవరసాయనం చదివిన ప్రతి విద్యార్థికీ ఇది తెలుసు.

అదే పద్ధతిని కండరాల రసం మీద పెట్టినప్పుడు ఒక వింత కనిపించింది. నీలిరంగు వెంటనే రావాల్సింది మెల్లగా వస్తోంది. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకుని పారబోసేవాళ్లు. వీళ్లు పారబోయలేదు. కండరంలో భాస్వరం దేనితోనో అతుక్కుని ఉందని, పరీక్ష సాగుతుండగా ఆ బంధం విడిపోతోందని గ్రహించారు. ఆ దేనితోనో అన్నది క్రియాటిన్ అని తేలింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఎగ్గుల్టన్ దంపతులు విడిగా ఇదే పదార్థం దాకా వచ్చారు.

క్రియాటిన్‌ను మన ఒళ్లు మూడు అమైనో ఆమ్లాలతో తయారుచేస్తుంది. గ్లైసిన్, ఆర్జినిన్, మెథియోనిన్. దానికి భాస్వరం తగిలితే అది కండరానికి జేబులో పెట్టుకున్న చిల్లర లాంటిది. బస్సు కదిలిపోతుంటే పరుగెత్తి ఎక్కినప్పుడు, నీళ్ల బిందె ఒక్క ఊపున పైకెత్తినప్పుడు ఆ తొలి కొద్ది సెకన్ల శక్తి ఇక్కడి నుంచే వస్తుంది. 1929లో ఇదే జంట ఏటీపీని కండరం నుంచి వేరుచేసింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు విడిగా దాన్ని కనుగొన్నారు. కండరం బిగుసుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటిదాకా శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఈ పరిశోధనలతో ఆ నమ్మకం కదిలిపోయింది.

మన ఇంట్లో రిపోర్టుల సంచిలో ఉండే సీరం క్రియాటినిన్ ఈ క్రియాటిన్ బిడ్డే. కండరాల్లోని క్రియాటిన్‌లో కొద్ది భాగం రోజూ క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కిడ్నీలు దాన్ని వడగట్టి బయటికి పంపుతాయి. వడపోత మందగిస్తే రక్తంలో అంకె పెరుగుతుంది. అయితే ఇది కండ నుంచి వచ్చేది కాబట్టి, కండ కరిగిపోయిన ముసలివాళ్లలో కిడ్నీలు దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనిపించొచ్చు. అందుకే డాక్టర్లు వయసును కూడా లెక్కలోకి తీసుకుని ఈజీఎఫ్‌ఆర్ చూస్తారు.

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పీహెచ్‌డీ ఇచ్చింది. స్థిరమైన పదవి మాత్రం ఇవ్వలేదు. ఉమ్మడిగా చేసిన పనిలో తన వాటా ఇంత అని చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు. కేంద్రక ఆమ్లాలకు సంబంధించి ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్క్ బయటికి రానివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుగొనాల్సి వచ్చిందని, అదే విభాగంలో పనిచేసి తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఆ 1930ల్లోనే సుబ్బారావు కాలేయంలో రక్తహీనతను తగ్గించే పదార్థం ఏమిటన్న వేటలో పడ్డారు. బి5 విటమిన్ అయిన ప్యాంటోథెనిక్ ఆమ్లం మీద కూడా పనిచేశారు. దానిలో సగం బీటా అలనిన్. ప్రొటీన్ల గొలుసులో చోటులేని ఒక అమైనో ఆమ్లం అది.

కాలేయంలో దాగిన మందు

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన చేతికింద వందలమంది శాస్త్రవేత్తలు. ఇప్పుడు పాత బాకీ తీర్చుకునే అవకాశం దొరికింది.

ఆ బాకీ కథ కొంత మన దేశంలోనే మొదలైంది. 1928 తర్వాత లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒక రకం రక్తహీనతను చూశారు. ఎర్రకణాలు లెక్కలో తగ్గి, సైజులో పెద్దవవుతున్నాయి. ఇనుముతో తగ్గలేదు. ఈస్టు సారం ఇస్తే తగ్గింది. అందులో ఉన్నదేమిటో తెలియదు. 1941లో అమెరికాలో ఇంకో బృందం టన్నులకొద్దీ పాలకూర నుంచి కొద్దిగా ఒక పదార్థాన్ని తీసి, లాటిన్‌లో ఆకును సూచించే మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టింది. కాలేయంలో, ఈస్టులో, ఆకులో ఉన్నది ఒకటే కుటుంబమని మెల్లగా తేలింది. కానీ కాలేయం నుంచి తీస్తే వచ్చేది చిటికెడు కూడా కాదు. మందుగా ఇవ్వాలంటే ప్రయోగశాలలో తయారుచేయాలి.

సుబ్బారావు తన రసాయనవేత్తలను, సూక్ష్మజీవ శాస్త్రవేత్తలను ఒకే పని మీద నిలబెట్టారు. అణువును ముక్కలు చేసి చూస్తే మూడు భాగాలు కనిపించాయి. తల టెరిడిన్. నడుము పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం. తోక గ్లూటామిక్ ఆమ్లం, అంటే గోధుమ పిండిలోని జిగురు నుంచి 1866లోనే వేరుచేసిన మామూలు అమైనో ఆమ్లం. ఈ మూడింటినీ జోడించి 1945లో ఫోలిక్ యాసిడ్‌ను సృష్టించారు. అది కాలేయంలో ఉన్న దానితో అచ్చంగా సరిపోయింది.

ఒంట్లో దీని పనేమిటి? సెరిన్ అనే అమైనో ఆమ్లం గ్లైసిన్‌గా మారేటప్పుడు ఒక కార్బన్ విడుదలవుతుంది. దాన్ని మోసుకెళ్లి డీఎన్ఏ తయారయ్యే చోట దింపే కూలీ ఫోలేట్. మరోచోట బి12తో కలిసి హోమోసిస్టీన్‌ను మెథియోనిన్‌గా మారుస్తుంది. కూలీ రాకపోతే డీఎన్ఏ తయారవదు. కణం పెరుగుతుంది కానీ రెండుగా చీలలేదు. అందుకే ఎర్రకణాలు పెద్దవిగా, కొద్దిగా పుడతాయి. వేగంగా కొత్తది పుడుతూ ఉండాల్సిన పేగు పొర, నాలుక దెబ్బతింటాయి. గర్భంలో మొదటి నాలుగు వారాల్లో మూసుకోవాల్సిన వెన్నుపాము నాళం సరిగా మూసుకోకపోవచ్చు.

కొత్త మందును వైద్యులు స్ప్రూ రోగులకు ఇచ్చారు. నాలుక మానింది. ఆకలి పుట్టింది. రక్తం పట్టింది. తన ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయిన జబ్బుకు ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాత సుబ్బారావు బృందం నుంచే మందు వచ్చింది. అప్పటికి దాన్ని వేసుకోవాల్సిన సోదరులు లేరు. పోస్టులో పంపడానికి ఎవరూ మిగల్లేదు.

దొంగ తాళంచెవి

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ పిల్లలను చూస్తుండేవారు. ఆ రోజుల్లో ల్యుకేమియా అంటే వారాలు, నెలల్లో చావే. ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇస్తే జబ్బు తగ్గకపోగా ఎక్కువవుతున్నట్టు ఫార్బర్‌కు అనిపించింది. ఫోలేట్ క్యాన్సర్ కణాలకు కూడా తిండి పెడుతుంటే, దాన్ని అడ్డుకుంటే?

సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌కు కవల లాంటి అణువులను తయారుచేసింది. తలలో ఒకచోట హైడ్రాక్సిల్ గుంపు తీసి అమైనో గుంపు పెడితే అమైనోప్టెరిన్ అయింది. దానికి ఒక మిథైల్ గుంపు చేరిస్తే మెథోట్రెక్సేట్ అయింది. గ్లూటామిక్ ఆమ్లం తోక మాత్రం అలాగే ఉంది. ఆ తోకను చూసి కణం తనవాడే అనుకుని లోపలికి రానిస్తుంది. లోపలికెళ్లాక ఈ దొంగ తాళంచెవి తాళంలో ఇరుక్కుపోతుంది. అసలు తాళంచెవికి చోటుండదు. కణ విభజన ఆగుతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. అమైనోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో పదిమందిలో జబ్బు కొన్నాళ్లపాటు తగ్గుముఖం పట్టింది. అది పూర్తి స్వస్థత కాదు. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. కానీ రసాయనంతో ల్యుకేమియాను వెనక్కి నెట్టొచ్చని మొదటిసారి రుజువైంది. నేటి కీమోథెరపీకి అది ఒక మొదటి మెట్టు. ఇప్పుడు పిల్లల్లో వచ్చే ఈ రకం ల్యుకేమియాకు ఇచ్చే చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇంకా ముఖ్యమైన మందే. తక్కువ మోతాదులో కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కూడా వాడుతున్నారు.

తీరిక లేని ఆఖరి రోజులు

అదే సమయంలో ఇంకో రెండు మందులు ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. ఉద్యోగ విరమణ చేసిన, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు లెడర్లీలో మట్టి నమూనాలు వెతికే పని దొరికింది. ఆయనకు ఒక బంగారు రంగు సూక్ష్మజీవి కనిపించింది. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దక్క. 1948లో లోకానికి పరిచయమైంది. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో రోగాలకు అది పనిచేసింది.

రెండోది డైఇథైల్ కార్బమజిన్. హెట్రాజాన్ పేరుతో 1947లో వచ్చింది. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిములను చంపే మందు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి బోదకాలంటే పుస్తకంలోని బొమ్మ కాదు, కళ్లెదుట నడిచే బాధ. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి తన ఎదుటే మింగమని ఇచ్చే డీఈసీ మాత్ర ఇదే.

1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు చనిపోయారు. 53 ఏళ్లు. ఫార్బర్ ఫలితాలు వచ్చి రెండు నెలలే అయింది. ఆరియోమైసిన్ అప్పుడప్పుడే బయటికి వస్తోంది. స్వతంత్రమైన దేశాన్ని ఆయన చూడలేదు. పాతికేళ్లు ఎదురుచూసిన శేషగిరమ్మకు భర్త రాలేదు, కబురు వచ్చింది.

ఆయనకు నోబెల్ రాలేదు. పత్రికల్లో ఫొటోలు పెద్దగా రాలేదు. బృందం విజయాన్ని ప్రకటించే రోజున కూడా ఆయన వెనక వరసలోనే ఉండేవారు. తర్వాత ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో, శతజయంతి ఏడాదిలో, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

కొడంగల్ పళ్లెంలో పూర్తి ప్రొటీన్

ఆయన కాలేయం నుంచి, ఈస్టు నుంచి వెతికి తీసిన ఫోలేట్, ఆయన జీవితమంతా తిరిగిన అమైనో ఆమ్లాలు.. ఇవి మన వంటింట్లో ఎక్కడున్నాయి?

కొడంగల్ నుంచి తాండూరు వైపు వెళ్తే వానకాలం పంటల్లో కంది చేలు కనబడతాయి. తాండూరు కందిపప్పు రుచికి, తొందరగా ఉడికే గుణానికి పేరుంది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఫోలేట్ కూడా బాగానే ఉంటుంది. కందిలో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. జొన్నలో, బియ్యంలో దీనికి తిరగబడి లైసిన్ తక్కువ, మెథియోనిన్ కాస్త మెరుగు. ఒకదాని కొరత ఇంకొకటి తీరుస్తుంది. జొన్నరొట్టె, పప్పు కలిపి తినడం పెద్దలకు రుచి కోసం అలవాటైనా, రసాయనం లెక్కలో కూడా అది సరైన జోడీ.

జొన్న ఒక్కదాని మీదే బతికితే ఏమవుతుందో మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే చూపించింది. దక్కన్‌లో జొన్న ఎక్కువగా తినే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబారి పగలడం, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం దాని లక్షణాలు. 1960లో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండడం, అది ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారయ్యే పనికి అడ్డుపడడం దీనికి కారణమని ప్రతిపాదించారు. ఒక అమైనో ఆమ్లం తక్కువైతేనే కాదు, తూకం తప్పి ఒకటి ఎక్కువైనా చిక్కేనన్నమాట. జొన్న మంచిదే. పక్కన పప్పు, ఆకుకూర, పెరుగు, వీలైతే గుడ్డు ఉన్నప్పుడు ఇంకా మంచిది.

గుర్తుంచుకోండి

* పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఒకేపూట కాకుండా మూడుపూటలా పంచుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన కొలత పాటించాలి.

* ఫోలేట్ నీటిలో కరుగుతుంది, ఎక్కువసేపు మరిగిస్తే తగ్గుతుంది. పప్పు ఉడికిన కట్టును పారబోయకుండా చారు పెట్టుకోండి. ఆకుకూరను కడిగాకే తరగండి, తరిగాక కడగొద్దు.

* పిల్లలు కావాలనుకునే మహిళలు గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం మంచిది. శిశువు వెన్నుపాము నాళం మూసుకునే నాటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు.

* ఫోలిక్ యాసిడ్‌ను సొంతంగా నెలల తరబడి వేసుకోవద్దు. బి12 లోపం ఉంటే ఇది రక్తాన్ని సరిచేసినట్టు చూపి, నరాలకు జరిగే నష్టాన్ని కప్పిపెడుతుంది. శాకాహారులు, పెద్ద వయసువాళ్లు ముందు బి12 పరీక్ష చేయించుకోవాలి.

* కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. గర్భిణులు, గర్భం కోరుకునేవాళ్లు ఈ మందు వాడకూడదు. దీనితో పాటు డాక్టర్ ఫోలిక్ యాసిడ్ రాస్తే మానొద్దు.

* జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు క్రియాటిన్ పొడి తింటుంటే రక్తపరీక్షకు ముందు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. దానివల్ల కూడా క్రియాటినిన్ అంకె కాస్త పెరగొచ్చు.

* బోదకాలు నివారణ మాత్రలు ఇచ్చే రోజున జబ్బు లేదు కదా అని తప్పించుకోవద్దు. ఒంట్లో క్రిమి ఉన్నా ఏళ్లపాటు బయటపడదు. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లు తప్ప మిగతావాళ్లంతా ఆరోగ్య కార్యకర్త ఎదుటే, ఏదైనా తిన్నాక వేసుకోవాలి.